నల్లమల చెంచులు – మన సంఘములు



మన డయోసిస్ శతవార్షికోత్సవ సందర్భమున వెలువడుచున్న ఈ ప్రత్యేక సంచికలో ఆలయముల చరిత్ర, పాఠశాలల చరిత్ర, వైద్యశాలల చరిత్ర మీరు చదువుదురు. మన పితరులు పడిన ప్రయాసను, వారిద్వారా దేవుడు చేసిన గొప్ప కార్యములను స్మరించుట మనకు యుక్తమే. అయితే యర్రగొండపాలెము, దోర్నాల, మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలోని మన సంఘములకు పడమటి దిక్కున గోడవలె నిలిచియున్న నల్లమల కొండలలో మనకంటె ఎంతో ముందునుండి ఒక జనాంగము నివసించుచున్నది. వారే చెంచులు. మన సంఘ చరిత్రలలో వారి ప్రస్తావన అరుదు. కనుక ఈ చిన్న వ్యాసములో వారిని గూర్చియు, వారు తమ హక్కులకొరకు కూడి నిలుచుటకు చేసిన, చేయుచున్న ప్రయత్నమును గూర్చియు వ్రాయ సంకల్పించితిమి.

మొదట ఒక మాటను గమనింపుడు. మనము దేవుని బిడ్డల కూటమిని "సంఘము" అందుము. కూలివారు, రైతులు, స్త్రీలు తమ మేలుకొరకు కూడినప్పుడు అదియు "సంఘమే". క్రొత్త నిబంధన గ్రీకు భాషలో ఈ మాటకు మూలమైన "ఎక్లేసియా" అనునది ఆ దినములలో పట్టణపు పౌరులు పిలువబడి కూడివచ్చి తమ సంగతులను తామే తీర్మానించుకొను సభకు పేరు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు సభకు వాడబడినదియు ఈ మాటయే. కాబట్టి సంఘము అనగా ఒకరు చెప్పగా తక్కినవారు వినుచు కూర్చుండు గుంపు కాదు. నోరుగల మనుష్యుల కూడిక. చెంచుల చరిత్రను ఈ అర్థము ననుసరించి చూచినయెడల మనకు ఎన్నో సంగతులు బోధపడును.

చెంచులు ఎవరు?

యర్రగొండపాలెము మండలములోని పాలుట్ల, దోర్నాల మండలములోని తుమ్మలబైలు, నెక్కంటి, చింతల వంటి గూడెముల పేర్లు మనలో అనేకులు వినియున్నారు. కృష్ణానదికి అవతల అమ్రాబాదు పీఠభూమిపై వారి నివాసములను "పెంటలు" అందురు. ఇవతల "గూడెములు" అందురు. వారి భాష తెలుగే. శ్రీశైల మల్లన్నను తమ అల్లునిగాను, అహోబిల నరసింహుని తమ ఆడబిడ్డ చెంచులక్ష్మిని పెండ్లాడినవానిగాను చెప్పుకొందురు. 2001 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచులు 49,232 మంది. 2011లో 64,227 మంది.

దుంపలు త్రవ్వుట, తేనె తీయుట, తపసి బంక సేకరించుట, కుంకుడుకాయలు, చింతపండు, ముష్టి గింజలు, సారపప్పు ఏరుట వారి పూర్వపు జీవనాధారములు. ఏ కుటుంబముల గుంపు ఏ కొండవరకు, ఏ వాగువరకు తిరుగవచ్చునో వారిలో వారికి తెలియును. ఆ హద్దులకు రాళ్లు లేవు, పటములు లేవు. అయినను అవి హద్దులే. వారిలో రాజు లేడు, దొర లేడు. పెద్దమనిషి ఉన్నను అతని మాట సలహాయే గాని ఆజ్ఞ కాదు. ఒక గూడెములో పొసగని కుటుంబము మరియొక గూడెములోని బంధువులయొద్దకు పోయి ఉండును. ఇట్టి స్వేచ్ఛ వారికి ప్రాణము. వారిని కూడగట్టవచ్చిన వారికెల్లరికి ఇదియే మొదటి పాఠము. దీనిని నేర్వనివారి పని ఎక్కువ కాలము నిలువలేదు.

వారు తేనె తీయు విధానము చూడదగినది. కొండచరియకు వ్రేలాడు పట్టునొద్దకు ఒకడు తాడుపై దిగును. పైన తాడు పట్టువాడు సాధారణముగా అతని బావమరిది. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాటిపై ఆధారపడియున్నవి గనుక అతడు తాడు విడువడు. దిగువాడు తన పని తాను చేయును. పట్టువాడు క్రిందికి దిగి అతని చేతిలోని పని లాగుకొనడు. అయినను తాడు బిగిగా పట్టనియెడల తేనె లేదు, మనిషియు లేడు. ఈ చిత్రమును జ్ఞాపకముంచుకొనుడు.

అడవిమీది హక్కు పోయిన విధము

1839లో ఇంగ్లీషు కంపెనీవారు కర్నూలు నవాబును తొలగించి ఆ రాజ్యమును తమ వశము చేసికొనిరి. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలోనివే. నవాబుల కాలములోను, కంపెనీ తొలి దినములలోను కనుమదారులు చెంచుల కాపుదలలో ఉండెడివి. శ్రీశైల యాత్రికులను వారు అడవి దాటించి అందుకు రుసుము పుచ్చుకొనెడివారు. అనగా వారు అడవిలో దాగియున్న అనామకులు కారు. అడవి గడపకు కావలివారు.

1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. ఒక భూమిని రిజర్వు అడవిగా చేయదలచినప్పుడు ప్రభుత్వము ప్రకటన చేయును. అటవీ సెటిల్‌మెంటు అధికారియెదుటకు హక్కుదారులు గడువులోపల వచ్చి తమ హక్కును చెప్పుకొనవలెను. చెప్పుకొననియెడల ఆ హక్కు రద్దగును. ఈ పద్ధతి కాగితముమీద న్యాయముగానే కనబడును. అయితే గజెట్టు చదువలేనివాడు, కచేరీ మెట్లెక్కనివాడు, తన హద్దును వాగు పేరుతో తప్ప సర్వే నంబరుతో చెప్పలేనివాడు ఏమగును? తరతరములుగా తిరిగిన కొండ ప్రభుత్వపు కొండయాయెను. నిన్నటివరకు హక్కుగా ఉన్న బంక, తేనె, వెదురు అనుమతిగా మారెను. పైవారు దయతలచి ఇచ్చిన అనుమతిని వారు తలచినప్పుడే తీసివేయవచ్చును. ఇదే ఈ కథలోని అసలు గాయము.

దానిపై మరియొక గాయము నేరస్థ జాతుల చట్టము. 1871లో ఉత్తర హిందూస్థానములో మొదలైన ఈ చట్టము 1911 తరువాత మద్రాసు రాజధానిలోను అమలుకు వచ్చెను. కర్నూలు జిల్లా చెంచులలో కొందరిని కూడ దాని క్రిందికి తెచ్చిరి. తల్లిగర్భమునుండి బయటపడిన శిశువుకు కూడ నేరస్థుడను ముద్ర పడినది. స్వాతంత్ర్యానంతరము ఈ చట్టము రద్దాయెను. దేశమంతట అది 1952లో సమసిపోయెను. కాని చట్టము పోయినంత త్వరగా మనుష్యుల అనుమానము పోలేదు.

మైదానమున జరిగినది, అడవిలో జరుగనిది

ఈ కాలములోనే మైదానమున మన పితరులమధ్య గొప్ప కదలిక కలిగినది. అమెరికను బాప్టిస్టు మిషనువారైన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. వారికంటె ముందుగానే సత్యమును వెదకుచు తిరుగుచుండిన మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్యగారు తాళ్లకొండపాడు చుట్టుప్రక్కల పల్లెలలో తన బంధువులమధ్య సువార్త చెప్పెను. చెప్పులు కుట్టుచు, తోళ్లు ఊనుచు, గుడిసెల ముంగిట కూర్చుండి చెప్పుకొన్న సువార్త అది. చచ్చిన పశువు మాంసము తినము, ఆదివారము వెట్టికి రాము అని మాదిగపల్లెలు ఒక్కమాటమీద నిలిచినప్పుడు దానికి వారు చెల్లించిన వెల తక్కువది కాదు. ఊరివారు పనులు మాన్పించిరి, బావులు మూయించిరి. అయినను నిలిచిరి.

1876–78 కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పనియు, న్యాయమైన కూలియు ఇచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ దినమున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు, దొరగారు కారు. ఈ సంగతిని మనము తరచుగా మరచుచున్నాము. తరువాత మార్కాపురము, కంభములలో బాప్టిస్టు మిషను కేంద్రములు, గిద్దలూరు దిక్కున ఆంగ్లికను మిషను సంఘములు వెలసెను. మాల, మాదిగ పల్లెలకు సంఘము ఆలయము మాత్రమే కాదు. బడి, పంచాయతీ, ఊరి దౌర్జన్యము నెదుర్కొను కోట కూడ అదియే.

గుండ్లకమ్మ పుట్టినది నల్లమల కొండలలో. అక్కడినుండి కంభము చెరువు నిండించి, మార్కాపురము ప్రక్కగా పారి ఒంగోలు దిక్కునకు పోవును. చెంచులు త్రాగిన నీటిలోనే మన పితరులు బాప్తిస్మము పొందిరి. మరి ఆ కదలిక ఏటి నెదురెక్కి కొండమీదికి ఎందుకు పోలేదు?

కారణములు లేకపోలేదు. మైదానపు పల్లె వందల గడపల పల్లె. ఒక పెద్ద మనస్సు మారగా పల్లె అంతయు ఆలోచించును. చెంచు గూడెములో పట్టుమని పది ఇరువది గుడిసెలు. కాలమునుబట్టి అవియు కదలుచుండును. మైదానమున బంధువులు బంధువులకు చెప్పిరి. చెంచులకు మనలో బంధువులు లేరు. వెట్టివాని శత్రువు కంటికెదురుగా నున్న ఆసామి. చెంచువాని హక్కును తీసికొన్నది కంటికి కనబడని చట్టము. ఇన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి గలదు. మాదిగపల్లెలో లేచిన కదలిక ఆ పల్లెలోనివారే లేపినది. అడవికి పోయినవారెల్లరు బయటినుండి పోయినవారే.

మేలుచేయువారి కాలము

చెంచులకు మేలు చేయ తలపెట్టినవారు లేరని కాదు. అటవీ శాఖవారును, ప్రత్యేకాధికారులును కర్నూలు జిల్లాలో వారికొరకు కాలనీలు, బడులు పెట్టిరి. నైజాము రాజ్యములో ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాదు చెంచులమధ్య నివసించి 1943లో వారిని గూర్చి పెద్ద గ్రంథము ప్రచురించెను. వారి భూమిని, అడవిని వారికే ఉంచవలెనని ఆయన నైజాము ప్రభుత్వమునకు చెప్పెను. బయటివారిలో ఇట్లు చెప్పినవారు తక్కువ.

క్రైస్తవ సేవకులకును ఈ విషయములో ఒక చరిత్ర గలదు. బాపట్లయొద్ద సాల్వేషను ఆర్మీవారు ఎరుకలవారికొరకు నడిపిన స్టూవర్టుపురము సెటిల్‌మెంటు 1913 ప్రాంతమున ప్రారంభమాయెను. భూమి యిచ్చిరి, పని నేర్పిరి, పిల్లలకు చదువు చెప్పిరి. అయితే ఆ మేలంతయు నేరస్థ జాతుల చట్టము నీడలో జరిగెను. హాజరు పట్టీలో పేరు పలుకవలెను. ఊరు దాటుటకు చీటీ కావలెను. ప్రేమతో చేసినవారే కావలివారుగా నుండవలసివచ్చెను. ఆ ఊరిపేరు మోసిన నింద ఎన్ని తరములు వారి బిడ్డలను వెంటాడెనో ఆంధ్రదేశమంతయు ఎరుగును. మేలు పొందువానికి నోరు లేనప్పుడు మేలు కూడ బరువగునని దీనినుండి మనము నేర్చుకొనవలెను.

స్వతంత్ర భారతములో చెంచులు షెడ్యూల్డు తెగలలో చేర్చబడిరి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి తేనె, బంక, కుంకుడు కొనుటకును, సరుకులు అమ్ముటకును డిపోలు తెరచెను. 1975 ప్రాంతమున కేంద్ర ప్రభుత్వము మిక్కిలి వెనుకబడిన ఆదిమ తెగలలో చెంచులను గుర్తించెను. తరువాత శ్రీశైలము కేంద్రముగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ వారికొరకు పనిచేయసాగెను. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో వచ్చెను. అనంతపురములో 1969లో విన్సెంట్ ఫెర్రర్‌గారు స్థాపించిన గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఇటీవలి కాలములో నల్లమల గూడెములలో కూడ పనిచేసినది. ఇవన్నియు మంచి కార్యములే. ఇండ్లు, బావులు, ఆశ్రమ పాఠశాలలు వీటివలననే వచ్చెను.

అయితే ఒక చిక్కు మిగిలిపోయెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమ్రాబాదు చెంచులు రాజ్యాంగము ఐదవ షెడ్యూలు ప్రాంతములో నుండిరి. కర్నూలు, ప్రకాశము, గుంటూరు జిల్లాల చెంచు గూడెములు ఆ షెడ్యూలులో చేరలేదు. కనుక గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ అడ్డుకొను 1970 నాటి ఒకటవ నిబంధన మన ప్రక్క వర్తింపలేదు. గిరిజన గ్రామసభలకు బలమిచ్చిన 1996 నాటి చట్టమును వర్తింపలేదు. ఒకే జనాంగము, ఒకే కొండ. ఏరు దాటగానే చట్టము మారెను.

అభయారణ్యము, తుపాకులు

1978లో నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము ఏర్పడెను. 1983లో అది పులుల రక్షణ పథకములో చేరెను. 3,500 చదరపు కిలోమీటర్లకు మించిన ఆ అరణ్యము అప్పుడు దేశములోని పులుల అభయారణ్యములలో అన్నిటికంటె పెద్దది. పులిని కాపాడుట ధర్మమే. సృష్టిని కాచుటకు దేవుడు మనుష్యుని నియమించెను. కాని పులితో కలిసి అనాదిగా జీవించిన మనిషి పులికి శత్రువని తలంచుట న్యాయము కాదు. అడుగులనుబట్టి పులి జాడ చెప్పగల చెంచులే ఆ అడవి కాపలాదారులుగా ఉపయోగపడిరి.

అదే కాలములో నక్సలైట్ ఉద్యమము నల్లమలను స్థావరముగా చేసికొనెను. రాత్రి వచ్చినవారికి అన్నము పెట్టినందుకు పగలు వచ్చినవారు ప్రశ్నించిరి. పగలు వచ్చినవారితో మాటలాడినందుకు రాత్రి వచ్చినవారు ప్రశ్నించిరి. 2004 అక్టోబరులో ప్రభుత్వముతో చర్చలకు మావోయిస్టు నాయకులు ఈ అడవిలోని చిన్న ఆరుట్లయొద్దనే బయటికి వచ్చిరి. దేశమంతయు ఆ దినమున చెంచుగూడెముల దిక్కు చూచెను; కాని చెంచులు ఏమనుచున్నారని అడిగినవారు తక్కువ. వారిపేర మాటలాడువారు అన్ని దిక్కుల ఉండిరి. వారు మాటలాడు చోటు ఒక్కటియు లేకపోయెను.

2006 నాటి చట్టము

ఇట్టి పరిస్థితులలో దేశమందలి అడవి జనుల సంఘములు ఏండ్ల తరబడి చేసిన ఆందోళన ఫలముగా 2006లో అటవీ హక్కుల గుర్తింపు చట్టము పార్లమెంటులో ఆమోదము పొందెను. 2008 జనవరినుండి దాని నిబంధనలు అమలులోనికి వచ్చెను. చట్టపు పీఠికయే ఈ జనులకు జరిగినది చారిత్రక అన్యాయమని ఒప్పుకొనుచున్నది. 1882 చట్టముతో దీనిని పోల్చి చూడుడు.

అప్పుడు అధికారి కూర్చున్నచోటికి హక్కుదారుడు పోవలెను. ఇప్పుడు హక్కు దరఖాస్తు గ్రామసభలో ఆరంభమగును. గ్రామసభ పదిమందినుండి పదునైదుమంది గల అటవీ హక్కుల కమిటీని ఎన్నుకొనును. అందులో మూడవవంతుకు తగ్గకుండ స్త్రీలుండవలెను. ఆ కమిటీయే భూమిని చూచి, హద్దులు నడచి, సభ ముందుంచును. ఆ పిదప డివిజను స్థాయి కమిటీ, జిల్లా స్థాయి కమిటీ పరిశీలించును. కాగితము లేనివాడు ఓడిపోనక్కరలేదు: పాత సమాధులు, దేవర స్థలములు, బావులు, పెద్దల వాఙ్మూలము కూడ సాక్ష్యమే. 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగుచేసికొనుచున్న గిరిజన కుటుంబమునకు నాలుగు హెక్టార్లకు మించకుండ హక్కుపత్రము వచ్చును. అది భార్యాభర్తల యిద్దరి పేర వ్రాయబడును. బిడ్డలకు సంక్రమించును గాని అమ్ముటకు వీలులేదు. తేనె, బంక, వెదురు వంటి ఫలసాయముమీద హక్కు వేరుగా నున్నది. చెంచులవంటి ఆదిమ తెగలకు తమ సంచార ప్రాంతమంతటిమీద నివాస హక్కు అను మరియొక గొప్ప హక్కును చట్టము చెప్పుచున్నది. మధ్యప్రదేశ్‌లోని బైగాలు దానిని మొదటగా పొందిరి. విచారణ ముగియువరకు ఎవరిని అడవినుండి వెళ్లగొట్టరాదు. పులుల అభయారణ్యమునుండి కుటుంబములను తరలింపవలెనన్నను గ్రామసభ సమ్మతి కావలెను.

ఇది చదువునప్పుడు సంఖ్యాకాండము 27వ అధ్యాయము మన మనస్సునకు వచ్చును. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు ప్రత్యక్షపు గుడారము ద్వారమున మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, సర్వసమాజము ఎదుటను నిలిచి తమ తండ్రి స్వాస్థ్యమును అడిగిరి. వారి పక్షముగా మరియొకడు మాటలాడలేదు. మోషే ఆ వ్యాజ్యెమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. దేవుడు వారి మాట న్యాయమనెను. అది ఇశ్రాయేలీయులకు శాశ్వతమైన విధి ఆయెను. నోరు విప్పి అడిగిన అయిదుగురు స్త్రీలవలన ధర్మశాస్త్రములో ఒక క్రొత్త విధి చేరినది.

చట్టము వచ్చినంత మాత్రమున హక్కు రాలేదు. అనేకుల దరఖాస్తులు తిరస్కరింపబడెను. 2019 ఫిబ్రవరి 13న సుప్రీముకోర్టు తిరస్కరింపబడినవారిని ఖాళీచేయింపుమని చెప్పగా దేశమంతట కలవరము పుట్టెను. ఆ నెల 28న అదే కోర్టు ఆ ఆజ్ఞను నిలిపివేసెను. తిరస్కరణను కారణములతో వ్రాతమూలకముగా తెలుపవలెనని, అరువది దినములలో పై కమిటీకి చెప్పుకొనవచ్చునని నిబంధనలున్నవి. ఆ కాగితము చదివి చెప్పువాడు లేక గడువు దాటిన ఇల్లు, 1882లో ప్రకటన వినక హక్కు పోగొట్టుకొన్న ఇల్లు, రెండును ఒకటే.

కూడి నిలుచుట ఎట్లు?

అడవి జనులను సంఘటితపరచుట అనగా ఉపన్యాసములు చేయుట, జెండాలు కట్టుట అని కొందరి తలంపు. నిజముగా జరుగు పని వేరు. మొదట గూడెమునకు పోయి కూర్చుండవలెను. అదియు వారు అడవినుండి తిరిగివచ్చిన తరువాత సాయంకాలమున. బంక తీయు కాలములో, తేనె కాలములో సభ పెట్టినయెడల ఎవరును రారు. మిరపకోతలకు పోయినప్పుడు గూడెములో ముసలివారు మాత్రమే మిగులుదురు. రెండవది, వారు చెప్పిన కష్టముతోనే మొదలుపెట్టవలెను. అది రేషను కార్డు కావచ్చును, కుల ధ్రువపత్రము కావచ్చును, చెడిపోయిన బోరు కావచ్చును. చిన్న సంగతిలో కూడి అడిగి సాధించినవారు పెద్ద సంగతి అడుగుటకు ధైర్యము తెచ్చుకొందురు. మూడవది, లెక్కలు అందరియెదుట చెప్పవలెను. నాలుగవది, అధ్యక్షుడు, కార్యదర్శి అను పదవులు వారికి క్రొత్త. ఒకనిని పెద్దచేసి తక్కినవారిని వాని వెనుక నిలువబెట్టినయెడల ఆ గూడెము చీలిపోవును. మాటకు అందరు సమ్మతించువరకు కూర్చుండుట వారి పద్ధతి. ఆ పద్ధతిలోనే సంఘము పెరుగవలెను.

తపసి బంక సంగతి ఇందుకు మంచి ఉదాహరణము. గొడ్డలితో లోతుగా నరికి బంక తీసినయెడల చెట్టు కొన్నాళ్లకు చచ్చును. మురికి బంకకు ధర తక్కువ. విశాఖపట్టణములో 1994లో ఏర్పడిన కోవెల్ ఫౌండేషను, గిరిజన సహకార సంస్థ కలిసి చిన్న గాట్లతో శుభ్రమైన బంక తీయు విధానమును గిరిజనులకు నేర్పిరి. చెట్టు బ్రతికెను, ధర పెరిగెను. కాని నాణ్యమునుబట్టి వేరుచేసి, తూకమును తామే చూచుకొని, అందరు ఒకే ధరకు నిలిచినప్పుడే ఆ లాభము గూడెమునకు చేరును. ఒంటరిగా పోయి అప్పుకు బంక పోసినవానికి క్రొత్త విధానమువలన ప్రయోజనము స్వల్పము.

కూడి నిలిచినవారి మాట ఎంతదూరము పోవునో 2019లో చూచితిమి. అమ్రాబాదు అడవిలో యురేనియము అన్వేషణ ప్రయత్నమును చెంచులు ఎదిరించిరి. తరువాత పట్టణములవారు, విద్యార్థులు, కళాకారులు వారితో గొంతు కలిపిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము తవ్వకములు వద్దని ఏకగ్రీవముగా తీర్మానించెను. యెజ్రెయేలులో నాబోతు ఒంటరియై తన పితరుల స్వాస్థ్యమును ఇయ్యననెను. ఊరి పెద్దలు అహాబు పక్షమున కూడిరి గనుక నాబోతు చనిపోయెను. ఊరు అతని పక్షమున నిలిచియుండినయెడల ఏమి జరిగియుండునో ఆలోచింపుడు.

మన సంఘములు చేయదగినవి

ఈ శతవత్సరమున మన సంఘస్థులకు కొన్ని మనవులు చేయుచున్నాము.

ఒకటి, తూకము. నల్లమల అంచున నున్న మన ఊళ్లలో తేనె, బంక, కుంకుడు కొనువారిలో మన విశ్వాసులును గలరు, అప్పులిచ్చువారును గలరు. నెహెమ్యా గ్రంథము అయిదవ అధ్యాయమును ఇంటిల్లిపాది చదువుడి. సహోదరుని పొలమును తాకట్టు పట్టి పట్టణపు గోడ కట్టుట నెహెమ్యా సహింపలేదు.

రెండు, చదువు. మన పితరులకు చదువు ఉచితముగా వచ్చెను. మన యౌవనస్థులలో పట్టభద్రులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు గలరు. హక్కుల దరఖాస్తు వ్రాసిపెట్టుట, తిరస్కరణ కాగితము చదివి గడువు చెప్పుట, కమిటీ యెదుటికి వారితోకూడ పోవుట ఎంత చిన్న పని! అయినను ఒక కుటుంబము యొక్క నాలుగు తరములకు అది అన్నము.

మూడు, ఎర వేయకుండుట. సువార్త చెప్పుట మన విధి. కాని సహాయమును బాప్తిస్మమునకు ధరగా పెట్టరాదు. షెడ్యూల్డు కులములనుండి క్రీస్తును నమ్మినవారు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువువలన రిజర్వేషను పోగొట్టుకొనిరని మనకు బాగుగా తెలియును. షెడ్యూల్డు తెగలకు అట్టి నిబంధన లేదు. మతమునుబట్టి వారి హోదా పోదు. ఈ సంగతిని సరిగా చెప్పి వారి భయమును తీర్చుడి. అయితే నమ్మినవానికిని నమ్మనివానికిని మన సహాయము ఒక్కటే కావలెను. యేసు ప్రభువు స్వస్థపరచిన పదిమంది కుష్ఠరోగులలో తిరిగివచ్చినవాడు ఒక్కడే. తక్కిన తొమ్మండుగురి స్వస్థతను ప్రభువు వెనుకకు తీసికొనలేదు.

నాలుగు, వారి నోటికి చోటిచ్చుట. ఉత్సవములలో విల్లంబులు పట్టించి చెంచులను ఊరేగింపు ముందు నడిపించుట మన ప్రాంతమున వాడుకయైపోయినది. అతిథులకు అది వేడుక. ఈసారి వారిని వేదికమీదికి పిలిచి, మైకు ముందు నిలిపి, వారు చెప్పునది చివరివరకు వినవలెనని మా మనవి. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములో గ్రీకు భాష మాటలాడు యూదులు తమ విధవరాండ్రనుగూర్చి సణిగిన సణుగుడును అపొస్తలులు విని, ఆ జనులలోనుండియే ఏడుగురిని ఏర్పరచుమనిరి. వాక్యము ప్రబలెను, శిష్యుల సంఖ్య విస్తరించెను.

విలియం కేరీగారు 1793లో హిందూదేశమునకు బయలుదేరునప్పుడు లోతైన గనిలోనికి దిగువానితో తన్ను పోల్చుకొనెననియు, పైనుండి తాళ్లు పట్టుకొనుడని తన మిత్రులను కోరెననియు మన పెద్దలు ప్రసంగములలో చెప్పెడివారు. దమస్కులో పౌలును గంపలో ఉంచి గోడమీదనుండి దింపినవారి పేర్లు మనకు తెలియవు. కాని వారు తాడు విడువలేదు. నల్లమల చరియమీద తాడు పట్టు బావమరిదియు అట్టివాడే. చెంచులు తమ స్వాస్థ్యముకొరకు తామే దిగుచున్నారు. వారి చేతిలోని పని మనము లాగుకొనక, పైన నిలిచి తాడు బిగిగా పట్టుట రెండవ శతాబ్దములో మన సంఘములకు దేవుడు అప్పగించిన పరిచర్యయని మా విశ్వాసము.

దీనులకు న్యాయము తీర్చు దేవుడు నల్లమల గూడెములలోని మన సహోదరీ సహోదరులను కాపాడునుగాక. వారి బిడ్డలకు చదువును, వారి స్త్రీలకు ధైర్యమును, వారి సభలకు ఐకమత్యమును దయచేయునుగాక. మన చేతులకు బలమిచ్చునుగాక. ఆమేన్.